ముక్కు ఆపరేషన్: చికిత్స ఎంతవరకు?

కొన్ని నెలల క్రితం మచిలీపట్నం వైపు నుంచి ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఊరి పేరు చెప్పము. ఆయన కూతురు డిగ్రీ చదివింది, నమాజు విడువని అమ్మాయి. మూడు సంబంధాలు వచ్చాయి. మూడూ ఒకే మాట మీద తప్పిపోయాయి: పిల్ల మంచిదే గాని ముక్కు బండగా ఉంది. నాలుగో సంబంధం వచ్చేలోగా విజయవాడ తీసుకెళ్ళి ముక్కు కొస సన్నం చేయించి, ముక్కుపుటాలు తగ్గించాలని తల్లి పట్టుదల. గాజులు అమ్మడానికి కూడా ఆమె సిద్ధపడింది. “హజ్రత్, ఇది జాయెజేనా?” అన్నది తండ్రి ప్రశ్న.

ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారో ముందు తెలుసుకోవాలి. ముక్కు పైభాగంలో ఎముక, కింది భాగంలో మృదులాస్థి ఉంటాయి. కొస దగ్గర ఉన్న మృదులాస్థిని కొంత కోసి, మిగిలినదాన్ని కుట్లతో దగ్గరకు లాగుతారు. ముక్కుపుటాల మొదట్లో చిన్న చీలికంత చర్మం తీసి కుడతారు. పైకి కనిపించే వాపు కొన్ని వారాల్లో తగ్గినా, కొస అసలు రూపానికి రావడానికి ఏడాది పట్టవచ్చు. కొందరికి రెండోసారి కోయవలసి వస్తుంది. కొందరికి ఊపిరి ఆడటం మునుపటికన్నా కష్టమవుతుంది. ప్రాణాపాయం అరుదే. అయినా తీసేసిన మృదులాస్థి తిరిగి పెరగదు.

ఇక ధర్మం విషయానికి వద్దాం. దైవ సృష్టిని మార్చమని మనుషులను పురికొల్పుతానని షైతాను చేసిన ప్రతిజ్ఞను అన్నిసా సూరా 119వ ఆయత్ తెలుపుతుంది. పచ్చబొట్టు పొడిచే స్త్రీలను, కనుబొమలు పీకించుకునే వారిని, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునే వారిని శపించిన హదీసు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అందులో ‘అందం కోసం’ అన్న మాటను ఉలమా పట్టి చూశారు. నొప్పి కోసమో, లోపం పోవడానికో పళ్ళు సరిచేయించుకుంటే ఆ శాపం వర్తించదని దాని నుంచే గ్రహించారు.

ముక్కు గురించే సూటిగా ఒక హదీసు ఉండటం మన అదృష్టం. హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ముక్కు అజ్ఞానకాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన పట్టింది. అప్పుడు బంగారు ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. అబూదావూద్, తిర్మిజీలలో ఈ ఉల్లేఖనం ఉంది. పురుషునికి బంగారం నిషిద్ధమని మనందరికీ తెలుసు. పోయిన అవయవం కోసం ఆ నిషేధాన్నే సడలించారంటే, బాగుచేయడానికి షరీఅత్ ఎంత చోటిచ్చిందో ఆలోచించండి.

అసలు ఈ వైద్యం మన దేశంలో మొదలైంది కూడా తెగిన ముక్కుల కోసమే. పుణెలో నుదుటి చర్మంతో ఒక బండివాని ముక్కును తిరిగి కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాక గాని ఇంగ్లీషు వైద్యులు దాన్ని నేర్వలేదు.

2007లో మలేసియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఈ గీతనే గీసింది. ప్రమాదంలోనో, కాలిన గాయాలతోనో పోయిన రూపం తెచ్చుకోవచ్చు. చీలిన పెదవి, బాగా వంకరపోయిన ముక్కు వంటి పుట్టు లోపాలు బాధిస్తుంటే సరిచేయించుకోవచ్చు. మామూలుగా ఉన్న ముక్కును కోరిక కొద్దీ, ఇతరులను చూసి మార్చుకోవడం తగదు. ముక్కు దూలం వంకరై ఊపిరాడక బాధపడేవారి ఆపరేషన్ పూర్తిగా చికిత్సే, అందులో సందేహం అక్కరలేదు.

ఆ అమ్మాయికి ఊపిరి బాగానే ఆడుతుందా అని అడిగాము. ఆడుతుందన్నారు. ఎవరి పోలిక అని అడిగితే, “మా అమ్మీ పోలిక” అని నవ్వారు. అయితే అది లోపం కాదు, వంశం. జాయెజ్ కాదని చెప్పాము. ఇంకో మాట కూడా చెప్పాము. ఆపరేషన్ సంగతి దాచి నికాహ్ చేస్తే, రేపు పుట్టే బిడ్డ నానమ్మ ముక్కుతోనే పుట్టవచ్చు. అప్పుడు అత్తవారింట ఆ పిల్ల ఏమని జవాబు చెబుతుంది?

మరునాడు తల్లి ఫోను చేసింది. “ముక్కు కుట్టించుకుంటే లేని తప్పు దీనికెందుకు?” అంది. మంచి ప్రశ్నే. కుట్టించడం నగ కోసం, ముక్కు ఆకారం మారదు. ప్రవక్త (స) కాలంలో స్త్రీలు చెవులకు నగలు ధరించేవారు, ఆయన వారించలేదు. స్త్రీలు ముక్కుకు నగ పెట్టుకునే అలవాటున్న దేశాల్లో దానికీ అదే నియమమని హనఫీ ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్ రాశారు.

ఆమె ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపుకు కారకులు ఆ మూడు ఇళ్ళవారు. అబ్బాయి పిల్లను చూడటం సున్నతే, నచ్చకపోతే వద్దనే హక్కూ ఉంది. కానీ మర్యాదగా వద్దని ఊరుకోవాలి. మధ్యవర్తి చేత ముక్కు గురించి కబురు చేయించడం దేనికి? హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనాన్ని హజ్రత్ ఆయిషా (రజి) సైగతో ఎత్తిచూపినప్పుడు, ఆ మాట సముద్రంలో కలిపితే సముద్రమే పాడవుతుందన్న అర్థంలో ప్రవక్త (స) హెచ్చరించారు. మన పెళ్ళిచూపుల తర్వాత ఇంటికి వెళ్ళే ఆటోలో ఎన్ని అలాంటి మాటలు దొర్లుతాయో!

చికిత్సగా ఆపరేషన్ చేయించుకున్న వారు తరచూ అడిగే మసలా ఒకటి ఉంది. ముక్కు మీద పట్టీ ఉన్నన్ని రోజులు వుజూలో దానిపై తడి చేత్తో మసహ్ చేయాలి. అదీ హాని చేస్తుందని డాక్టరు చెబితే విడిచిపెట్టవచ్చు. గుస్ల్‌లో ముక్కులోకి నీరు ఎక్కించడం ఫర్జ్ అయినా, హాని ఉన్నప్పుడు అది మాఫ్. సజ్దాలో ముక్కు ఆనించలేకపోతే నుదురు ఒక్కటే చాలు. తల వంచవద్దని డాక్టరు అంటే కూర్చుని సైగతో చదవాలి, రుకూ కన్నా సజ్దాకు తల కాస్త ఎక్కువ వంచాలి. ఆ మాత్రం కూడా హాని అయితే ఎంత వంచగలిగితే అంతే.