కొనేవారు కొద్దిమందైతే ధర ఎవరిది? చింతపండు నేర్పే పాఠం

ఒక సరుకును అమ్మేవారు వేలమంది ఉండి, కొనేవారు ఒకరిద్దరే అయినప్పుడు ధర కొనుగోలుదారుని చేతిలోకి పోతుంది. దీనినే క్రయ గుత్తాధిపత్యం అంటారు. మరైగూడ వంటి సరిహద్దు గ్రామాలలోని మీకు ఇందుకు చింతపండును మించిన ఉదాహరణ లేదు.

మీరు సంతకు తెచ్చిన పండు చిల్లర వ్యాపారి నుండి జగదల్‌పూర్ టోకు వర్తకునికి, శీతల గిడ్డంగికి, అక్కడి నుండి నగరాలలోని పెద్ద దుకాణ సంస్థలకు చేరుతుంది. అట్టి సంస్థ తన పేరుతోనే పొట్లాలు కట్టించి, ధరను, నాణ్యతను, చెల్లింపు గడువును శాసించగలదు. ఆ ఒత్తిడి మెట్టుమెట్టుగా దిగివచ్చి, చివరకు సంతలోని కాటా వద్ద మీపై పడుతుంది.

దీనికి విరుగుడు మరొక కొనుగోలుదారు ఉండడమే. 1999లో అప్పటి బస్తర్ కలెక్టరు ప్రవీర్ కృష్ణ చేపట్టిన చింతపండు ఉద్యమం గ్రామ సమూహాల ద్వారా కొనుగోలు జరిపి, వ్యాపారుల ఆధిపత్యానికి పోటీ కల్పించింది. చిన్న అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం 2013-14లో వచ్చింది. 2020లో గింజతో కూడిన చింతపండుకు కిలోకు 36 రూపాయలు నిర్ణయమైంది. సంతకు పోయే ముందు ఈ ఏటి ధర విచారించండి.

నిల్వ చేయదలచినవారు ముందుగా లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు, 10 క్వింటాళ్ల సరుకు విలువ 36,000 రూపాయలు అనుకొందాం. ఇంటి అవసరానికి 20,000 రూపాయల రుణం 12 శాతం వడ్డీపై తీసుకొంటే, నాలుగు నెలలకు వడ్డీ 800 రూపాయలు. అద్దె, రవాణా 1,000 రూపాయలు; ఎండి తగ్గే తూకం 30 కిలోలు. అప్పుడు కిలో 39 రూపాయలు దాటితేనే లాభం. ఆ ఆశ లేనిచో వెంటనే అమ్ముటయే మేలు.

డీలర్లకు ఒక మాట. గింజ తీసి పొట్లాలు కట్టే మీ సంస్థను సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్‌లో నమోదు చేయించండి. 2006 నాటి చట్టం ప్రకారం, వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ కొనుగోలుదారు 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. ఆపినచో రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించవలసి ఉంటుంది. కనుక ప్రతి సరఫరాకు బిల్లు, అంగీకార పత్రం భద్రపరచండి.

ఒంటరిగా ఒక బుట్ట తెచ్చినవారు చెప్పిన ధరకే ఇవ్వవలసి వస్తుంది. పదిమంది కలిసి ఒక లారీ నింపినచో కొనేవారే మీ వద్దకు వస్తారు. స్వయం సహాయక సంఘంగా ఏర్పడి, రుణానికి మీ బ్యాంకు శాఖను సంప్రదించండి.