బొర్రా గుహ: శాస్త్రదృష్టి, తత్త్వదృష్టి

అరకులోయకు పోవు మార్గమున, అనంతగిరి కొండలయందు బొర్రా గుహలు కలవు. లోపల నేలనుండి లేచిన శిల యొకటి శివలింగముగా పూజలందుకొనుచున్నది. మేయుచున్న గోవు కప్పులోని రంధ్రమునుండి గుహలో పడెననియు, దానిని వెదకుచు దిగిన కాపరి లింగమును కనుగొనెననియు అచటి గిరిజనులు చెప్పుదురు. మహాశివరాత్రికి చుట్టుపట్ల గూడెములవారు దర్శనమునకు వత్తురు.

భూగర్భశాస్త్రము చెప్పునది వేరు. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, సున్నపురాతిని కరగించుచు క్రిందికి దిగును. గుహ కప్పున బొట్టు నిలిచినపుడు ఆ వాయువు విడిపోవును. కరగిన సున్నపురాయి మరల గట్టిపడును. పైనుండి వ్రేలాడు శిలలు, నేలనుండి లేచిన శిలలు ఇట్లు బొట్టుబొట్టుగా వేలాది యేండ్లు పెరిగినవే.

ఇది చదివిన యువకుడు, "అట్లయిన ఇది వట్టి సున్నపురాయియే గదా, మ్రొక్కనేల?" అని యడుగును. పెద్దలు కోపింపరాదు. కోపించిన యింట బిడ్డ పూజకును దూరమగును, పెద్దలకును దూరమగును. శాస్త్రము చెప్పినది సత్యము; దానిని కాదనుట భక్తి యనిపించుకొనదు. అయితే విచారణ అంతటితో ముగియలేదు.

దీపములారిన గుహలో కన్నులు తెరచియున్నను ఏమియు కానరాదు. అప్పుడును "చీకటిగా నున్నది" అని తెలియుచునే యుండును. వెలుగు కంటిపొరపై పడుటను, నరముల వెంట మెదడునకు వార్త చేరుటను శాస్త్రము చక్కగా వివరించినది. ఆ నరముల కదలిక "నేను చూచుచున్నాను" అను అనుభవమెట్లగుచున్నదో ఇంకను తేల్చలేదు. ఆ తెలియువానిని గూర్చి విచారించునది తత్త్వము. శరణులు దీనిని అరివు అనిరి, తెలుగున ఎరుక. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగ నెంచెను. కరస్థలమున ఇష్టలింగము నుంచి చూపు నిలుపుటయు చూచువానిని ఎరుగుటకే.

ఎట్లు మెలగవలెనను ప్రశ్నయు తత్త్వమునకు చెందినదే. ఒకే రాయి గనులవానికి కాల్సైటు, గిరిజనునకు దైవము. అందు ఏది నిలుపదగినదో రసాయన పరీక్ష చెప్పజాలదు. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడచిన సమత వ్యాజ్యమున 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు అట్టి లీజులు చెల్లవని తీర్పు చెప్పెను.

కావున పిల్లలను బొర్రాకు తోడ్కొనిపోవు తలిదండ్రులు మొదట నీటిబొట్టు సంగతి దాపరికము లేక చెప్పవలెను. పిదప, "ఇదంతయు తెలిసికొన్న నీవెవరవు?" అని యడుగవలెను. మొదటిది బడిలోను దొరకును. రెండవ ప్రశ్నను ఇల్లే నేర్పవలెను.