మొదటి నలభై రోజుల నీళ్లు

అక్వేరియం షాపులో కొత్తగా కుదిరినా, సొంతంగా ఇళ్లకీ ఆఫీసులకీ తిరిగి ట్యాంకులు చూసే పని మొదలుపెట్టినా, మొదటి నెలలోనే మీకొక ఫోన్ వస్తుంది. "తమ్ముడూ, మొన్న నువ్వు పెట్టిన గోల్డ్‌ఫిష్‌లలో రెండు పోయాయి. మిగతావి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి మరి!" అద్దంలా ఉండటమే చిక్కు. అమోనియాకి రంగు లేదు. మనకి వాసన తెలిసేలోపే చేప మొప్పలు మండిపోతాయి.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక దంతవైద్యుడి క్లినిక్కులో రెండడుగుల ట్యాంకు పెట్టాను. ఆయన ముచ్చటపడ్డాడని ఆ సాయంత్రమే ఎనిమిది ఒరాండా రకం గోల్డ్‌ఫిష్‌లు వదిలేశాను. పదో రోజుకి రెండు మిగిలాయి. ఆయన కోప్పడలేదు. "నీళ్లలో ఏమైనా కలిపావా?" అని మాత్రం అడిగాడు. ఏమీ కలపలేదు. కలపాల్సింది కలపకపోవడమే నా తప్పని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

పాలలో తోడు వెయ్యకుండా పొద్దున లేచి గిన్నె మూత తీసి పెరుగేదీ అని వెతుక్కుంటామా? ట్యాంకూ అంతే. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు చివరికి అమోనియాగా, ఎక్కువ భాగం మొప్పల గుండానే, నీళ్లలోకి వచ్చేస్తాయి. దాన్ని నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. రక్తంలోకి చేరితే రక్తం ఆక్సిజన్ మొయ్యలేక గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ నైట్రైట్‌ని నైట్రోస్పైరా అనే మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మెల్లగా పేరుకున్నా ఫర్వాలేదు, వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపు నుంచి వెళ్లిన కొత్త ట్యాంకులో అవి దాదాపు లేనట్టే.

అందుకే తోడు వెయ్యాలి. షాపులో నెలల తరబడి నడుస్తున్న, ఏ రోగమూ లేని ట్యాంకులోంచి పాత స్పాంజి ఒకటి తీసి, తడి ఆరకుండా తీసుకెళ్లి అదే రోజు కొత్త ఫిల్టరులో పెట్టండి. జబ్బు చేపలున్న ట్యాంకులోంచి తెస్తే తోడుతో పాటు తెల్లమచ్చల రోగం కూడా వస్తుంది, జాగ్రత్త. పాత స్పాంజి దొరక్కపోతే చేపలు వెయ్యకుండానే ఫిల్టరు నడిపిస్తూ, చిటికెడు మేతో చిన్న రొయ్య ముక్కో నీళ్లలో వేసి కుళ్లనివ్వండి. అమోనియా పుడుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇంట్లో రెండు మూడు రోజులు కాస్త కంపు కొడుతుందని ముందే చెప్పండి. చెప్పకపోతే ఆ ఇంటి అమ్మగారు రొయ్యతో పాటు మిమ్మల్నీ బయటికి పంపిస్తుంది.

ట్యాంకు కొలత ఎలాగంటే, ఘనపుటడుగుకి 28 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 లీటర్లు. రాళ్లూ, పైన వదిలిన ఖాళీ పోతే 50కి తగ్గుతాయి. మొదటి గోల్డ్‌ఫిష్‌కి 75 లీటర్లు, తర్వాత ఒక్కోదానికి 40 చొప్పున లెక్కవేస్తాను నేను. ఆ లెక్కన రెండడుగుల ట్యాంకు పిల్లచేపలకి తాత్కాలిక బస మాత్రమే. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో 190 లీటర్లు పడతాయి, అందులో మూడింటిని ధైర్యంగా పెట్టొచ్చు. గుండ్రటి గాజు బౌలు అడిగేవాళ్లకి అమ్మకండి. ఇటలీలో మోంజా నగరం 2004లోనే అలాంటి బౌళ్లలో చేపలు పెంచడాన్ని నిషేధించింది. కామెట్, షుబుంకిన్ రకాలు అడుగు దాకా ఎదగగలవు, సరిగ్గా చూస్తే పదేళ్లకి పైగా బతుకుతాయి. అరచేతిలో పట్టిన పిల్లని చూసి ట్యాంకు ఎంచుకునే కస్టమరుకి ఈ సంగతి చెప్పాల్సింది మీరే. ఓనరుకి కోపం వస్తే రానివ్వండి, ఆరు నెలల తర్వాత పెద్ద ట్యాంకు కోసం ఆ కస్టమరు మీ దగ్గరికే వస్తాడు.

ఇక నీళ్లు. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, తాగేవాళ్లకి మంచిది గానీ మొప్పలకీ బ్యాక్టీరియాకీ కాదు. బకెట్లో పట్టి ఎయిర్ మోటారు వేసి ఒక రాత్రంతా ఉంచితే పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడండి, అందులో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేటే. ట్యాంకరు నీళ్లని అసలు నమ్మకండి, బ్లీచింగ్ ఎంత వేశారో డ్రైవరుకి కూడా తెలియదు. బోరు నీళ్లకి ఇంకో గుణముంది. భూమిలోంచి వచ్చినప్పుడు ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. గాలి తగిలాక పీహెచ్ పైకి పోతుంది. పట్టిన వెంటనే కొలిచి బాగుందనుకుంటే మోసపోతాం, మర్నాడు కొలవాలి. ఇంట్లో ఆర్‌వో మిషనుంది కదా, స్వచ్ఛమైన నీళ్లు పోద్దామనేవాళ్లూ ఉంటారు. వద్దనండి. ఉప్పులూ ఖనిజాలూ తీసేసిన ఆ నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు, ఒక రాత్రిలోనే పడిపోవచ్చు.

పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకే మోతాదు అమోనియా ఒక నీటిలో అంతగా హాని చెయ్యదు, ఇంకో నీటిలో చంపుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒకటి కూడా కాదు. అదే పీహెచ్ 8 అయితే సుమారు ఐదు. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల 8కి దగ్గర్లోనే తిరుగుతాయి.

ఇది తెలిస్తే కవరు సంగతి కూడా అర్థమవుతుంది. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో చేపలు గంటల కొద్దీ ప్రయాణం చేస్తాయి. కవరులో అమోనియా పేరుకుంటుంది, కానీ చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి ఆ విషం నిద్రపోతూ ఉంటుంది. కవరు విప్పి గంటసేపు కబుర్లలో పడ్డారో, గ్యాసు ఎగిరిపోయి పీహెచ్ పెరిగి విషం లేచి కూర్చుంటుంది. కాబట్టి మూసిన కవరునే ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, వేడి సమం కాగానే విప్పి, చేపని వలతో తీసి వదలండి. కవరు నీళ్లు సింకులోకి.

మొదటి నలభై రోజులు మీరు చెయ్యాల్సింది చుక్కల టెస్ట్ కిట్‌తో అమోనియా, నైట్రైట్ కొలిచి, ఏది లీటరుకి 0.5 మిల్లీగ్రాము దాటినా మూడో వంతు నీరు మార్చడం. ఒక్కోసారి రోజు విడిచి రోజు మార్చాల్సి రావచ్చు. నైట్రైట్ కనబడే రోజుల్లో లీటరుకి ఒక గ్రాము చొప్పున కళ్లుప్పు కరిగించి కలిపితే, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. అమోనియా, నైట్రైట్ రెండూ వారం రోజులు వరుసగా సున్నా చూపిస్తే తోడుకున్నట్టే. అప్పటి నుంచి వారానికి పావు వంతు నీరు మారిస్తే సరిపోతుంది.

ఈలోపు పాడుచేసేది ఎక్కువగా మనమే. స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండేస్తాం, నెల రోజులుగా కూడబెట్టిన బ్యాక్టీరియా క్లోరిన్ నీళ్లతో పోతుంది. ట్యాంకులోంచి తీసిన బకెట్ నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. ఇంకో జబ్బు నీలం మందు. చేప కాస్త డల్‌గా ఉంటే చాలు మిథిలీన్ బ్లూ చుక్కలు వేసేవాళ్లని ప్రతి షాపులో చూస్తాను. ఫిల్టరులోని బ్యాక్టీరియాకి అది పడదు. జబ్బు చేపని వేరే బకెట్లోకి తీసి అక్కడ వెయ్యండి. రాత్రి కరెంటు ఖర్చని ఫిల్టరు ఆపేసే ఇళ్లు కూడా ఉన్నాయి. బ్యాక్టీరియాకి ఊపిరి కావాలి, ఫిల్టరు ఇరవై నాలుగ్గంటలూ నడవాల్సిందే.

మేత రెండు నిమిషాల్లో తినేంతే. గోల్డ్‌ఫిష్‌కి పొట్టలో జీర్ణాశయమే లేదు, ఎంత పెట్టినా ఆకలన్నట్టే అడుగుతుంది. ఎండాకాలం ఇంకాస్త తగ్గించండి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచితే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే పట్టి ఉంచుతాయి. మే నెలలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే ముందు మోటారు పెంచండి, మూత తీసి ఫ్యాను తిప్పండి. గోల్డ్‌ఫిష్ ట్యాంకుకి హీటరు అమ్మినవాణ్ణి మాత్రం నేను మెచ్చుకోలేను.

మీ గురించి కూడా రెండు మాటలు. చెయ్యి నీళ్లలో పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీసెయ్యండి, స్విచ్ కట్టడం కాదు, ప్లగ్గే తీయాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడే కారిన నీరు సాకెట్లోకి పోదు. పైపుని నోటితో పీల్చకండి. చేతికి గాటుంటే గ్లౌజు వేసుకోండి, చేపల నీళ్లలోంచి చర్మానికి అంటుకునే మొండి పుండ్లు నెలల తరబడి మానవు. 190 లీటర్ల ట్యాంకంటే నీళ్లే 190 కిలోలు, కాబట్టి స్టాండు కింద నేల సమంగా ఉందో లేదో చూశాకే నింపండి.

బేరం కుదుర్చుకునేటప్పుడే మొదటి నెలలో నాలుగుసార్లు వస్తానని చెప్పి ఆ కూలీ ట్యాంకు ధరలోనే కలపండి. విడిగా అడిగితే రెండోసారికే వద్దంటారు. చేపలు వేసే మొదటి రోజు ఒక్క చేపనే వదలండి. ట్యాంకు పక్కన కాగితం అంటించి తేదీ, అమోనియా, నైట్రైట్, మార్చిన నీరు రాసి, కింద మళ్లీ మీరు వచ్చే రోజు వెయ్యండి. ఇంట్లో పిల్లలుంటే ఆ అంకెలు రాసే పని వాళ్లకే అప్పగించండి, మీరు ఆలస్యమైతే వాళ్లే ఫోన్ చేస్తారు.