వేడినీళ్లు: కరెంటుతోనా, గ్యాస్‌తోనా?

రోగిని ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు చాలామంది, "సిస్టర్, రోజూ స్నానానికి వేడినీళ్లు కావాలి కదా, ఏ గీజర్ మంచిది? దేనికి ఖర్చు తక్కువ?" అని అడుగుతారు.

20 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. గ్యాస్ అయితే ఇంచుమించు 50 గ్రాములు. మీ ఊరి ధరతో లెక్క వేసుకోండి, తేడా కొద్ది రూపాయలే. కాబట్టి ఖర్చు కంటే ముందు ప్రమాదం గురించి ఆలోచించండి.

గ్యాస్ గీజర్

తలుపులు, కిటికీలు మూసిన బాత్‌రూంలో గ్యాస్ మండితే గాలిలోని ఆక్సిజన్ తగ్గి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది. దీనికి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. తర్వాత స్పృహ తప్పుతుంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఇంట్లోవాళ్లు మూర్ఛరోగం అనుకుంటారు.

• గీజర్‌ను, సిలిండర్‌ను బాత్‌రూం బయట, గాలి ఆడే చోట పెట్టించండి. పైపుతో నీళ్లు మాత్రమే లోపలికి రావాలి.
• ఎవరైనా లోపల పడిపోతే తలుపు తెరిచి, వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. గ్యాస్ కట్టేయండి. 108కి ఫోన్ చేయండి.
• గీజర్ వెలిగి ఉందన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ విషవాయువు పీల్చినవారికి వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు మామూలుగానే చూపించవచ్చు.

కరెంటు గీజర్, హీటర్ రాడ్

వీటిలో ఈ విషవాయువు భయం లేదు. షాక్ భయం ఉంది.

• మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది.
• రాడ్ పెట్టిన బకెట్‌లో వేలు పెట్టి వేడి చూడకండి. స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకిన తర్వాతే నీళ్లు ముట్టుకోండి.
• పిల్లలున్న ఇంట్లో రాడ్ పెట్టి పక్కకు వెళ్లకండి.

రెండింటికీ ఒకే మాట

షుగర్ రోగులకు, పక్షవాతం వచ్చినవారికి కాళ్లకు వేడి తెలియకపోవచ్చు. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోయండి. మీ మోచేతితో చూసి, గోరువెచ్చగా ఉంటేనే స్నానం చేయించండి. తలుపు లోపల గడియ పెట్టనివ్వకండి.

ఈ రోజే మీ బాత్‌రూం ఒకసారి చూడండి. గ్యాస్ గీజర్ లోపల ఉంటే, బయటకు మార్చేదాకా వెలిగించకండి. అందాకా పొయ్యి మీద కాచుకున్న నీళ్లు చాలు. ప్రభువు మీ ఇంటిల్లిపాదినీ కాపాడాలని మా ప్రార్థన.