లంకను చూచి వచ్చితివా?

రాజమహేంద్రవరము,
జూలై, 1955.

చిరంజీవి మేనల్లుని మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినది. నీ ఉత్తరము మొన్న చేరినది. బి.ఎల్. పట్టము పుచ్చుకొంటివనియు, లండను పోయి బారిష్టరువై రాదలచితివనియు, వచ్చిన పిదప ఏ శాఖలో వృత్తి సాగించవలెనో ఇప్పుడే నిశ్చయించుకొనగోరుచున్నావనియు తెలిసికొంటిని. మీ అమ్మ అడుగున రెండు పంక్తులు చేర్చి, మీ నాన్న రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టుటకు సిద్ధపడెనని వ్రాసినది. ఆ రెండు పంక్తులను చదివిన పిమ్మట నీకు దాచకుండ వ్రాయుట నా విధియని తోచినది. ముప్పదియేడు సంవత్సరములుగా మునసబు కోర్టు మెట్లెక్కి దిగుచున్నవాడను, నేనెఱిగినంత చెప్పెదను.

బారిష్టరు పదవి నా చిన్ననాట ఎంత వెలిగినదో నీవు ఊహింపజాలవు. 1862లో చెన్నపట్టణమున హైకోర్టు వెలసిన నాటినుండి న్యాయవాదులలో వర్ణవిభాగము వంటిదొకటి ఏర్పడెను. పైన బారిష్టర్లు, వారి క్రింద హైకోర్టు వకీళ్లు, జిల్లాలలో మొదటి తరగతి ప్లీడర్లు, రెండవ తరగతి ప్లీడర్లు. జిల్లా కోర్టులో సింహమువలె వాదించిన ప్లీడరైనను, తన కక్షిదారుని అపీలు హైకోర్టుకు పోయినప్పుడు వెనుక బల్లమీద కూర్చుండి, మఱియొకరు వాదించుట వినవలసినదే. ఆ గోడను దాటి బారిష్టరగుటకు లండనులోని నాలుగు ఇన్నులలో ఒకదానియందు చేరి, ఏడాదికి నాలుగు చొప్పున పండ్రెండు టర్ములు గడపి, ప్రతి టర్మునందును నియమితమైన విందులకు కూర్చుండి, రోమను న్యాయము మొదలుకొని పరీక్షలిచ్చి, తుదకు బారుకు పిలువబడి రావలెను. విందులు భుజించుట విద్యలో భాగమెట్లగునని మన పెద్దలు ఆశ్చర్యపడెడివారు. కాని వృత్తిలో తలపండినవారి సరసన కూర్చుండి వారి నడవడిని చూచి నేర్చుకొనుట గురుకులవాసమునకు దూరమైనది కాదు, అందుచే నేనా ఆచారమును తక్కువగా చూడను.

మన సీమలో ఆ గోడ దాటినవారిలో ప్రకాశం పంతులుగారి చరిత్రమును నీవు శ్రద్ధగా మననము చేయవలెను. రాజకీయములలో ఆయన చేసినది లోకమెఱిగినదే. నేను చెప్పునది ఆయన వృత్తిజీవితము. తండ్రి చిన్నతనముననే గతింపగా తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన బిడ్డ. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుని ఆదరణచే ఈ రాజమహేంద్రవరము చేరి, రెండవ తరగతి ప్లీడరై, సివిలు క్రిమినలు భేదము లేక వ్యాజ్యములు నడిపి, 1904లో మున్సిపలు ఛైర్మనుగా కూడ ఎన్నికైన పిమ్మటనే ఇంగ్లండు సీమకు ప్రయాణమైనారు. 1907లో తిరిగివచ్చి చెన్నపట్టణమున వృత్తి నారంభించిరి. లా టైమ్స్ అను న్యాయపత్రికను నడపిరి. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ హత్యకు గురియైనప్పుడు సాగిన విచారణలో ముద్దాయిల పక్షమున నిలిచినవారిలో ఆయన యొకరు. తుదకు 1921లో, సంపాదన మంచి స్థితిలో నుండగనే, ప్రాక్టీసును విడిచి స్వరాజ్య పత్రికను స్థాపించిరి.

ఈ చరిత్రములో లండను మూడు సంవత్సరములు మాత్రమే. దానికి ముందు ఈ ఊరి కోర్టులలో గడచిన కాలము దానికంటె ఎంతో ఎక్కువ. చెన్నపట్టణమున న్యాయమూర్తుల యెదుట తొలిసారి నిలువబడిన నాటికి ఆయన సాక్షిని ఎట్లు అడుగవలెనో, కరణము లెక్కలో దొంగ ఎచ్చట దాగునో, భయపడిన కక్షిదారు ఏమి దాచునో ఎఱిగినవారు. సీమ ఆయనకు తలుపు తీసినది. ఆ తలుపులోనుండి నడచుటకు కాళ్లను ఇచ్చినవి ఈ మఫసలు కోర్టులు.

సీమ చదువొక్కటే చాలదనుటకు మఱియొక నిదర్శనము: గాంధీ మహాత్ముడు 1891లో బారిష్టరై బొంబాయికి వచ్చిన పిదప, స్మాలు కాజుల కోర్టులో మొదటి కేసున సాక్షిని ప్రశ్నింపలేచి, నోట మాట రాక కూర్చుండి, బ్రీఫు తిరిగి ఇచ్చివేసిన సంగతి తన ఆత్మకథలో తానే వ్రాసికొనెను. పరీక్షలో కృతార్థుడైన వానికి కోర్టులో లేచుటయే తెలియలేదు. అటుపిమ్మట 1893లో దక్షిణాఫ్రికాకు పోయి, దాదా అబ్దుల్లా అను కక్షిదారుని వ్యాజ్యములో జమాఖర్చుల పుస్తకములు మొదలంట చదివి, వాస్తవములు తన పక్షమున గట్టిగా నున్నవని గ్రహించినప్పుడే ఆయనకు ఈ వృత్తిలోని మర్మము బోధపడినది. ఆ వ్యాజ్యమును మధ్యవర్తుల తీర్పుకు ఒప్పించి, ఓడినవాడు దివాలా తీయకుండ వాయిదాలలో సొమ్ము చెల్లించునట్లు చేసెను. బారిష్టరు పని యొక్క పరమార్థమును అంతకంటె ఎక్కువగా నేనెచ్చటను చూడలేదు.

ఇక నా సంగతి యొకటి చెప్పవలెను. నేను ప్లీడరునైన మూడవయేట, గోదావరి నడిమి లంకలలో ఇద్దఱు రైతులకు వివాదము వచ్చినది. వరద ఒకవైపు కోసి, మఱియొకవైపు మేట వేసినది. క్రొత్తగా లేచిన మేట తన లంకకు అంటియున్నదనియు, అందు పొగాకు నాటుకొను హక్కు తనదనియు నా కక్షిదారు దావా. నేను రాత్రులు మేల్కొని, నదులు వేసిన మేటలను గూర్చి హైకోర్టులును ప్రివీ కౌన్సిలును ఇచ్చిన తీర్పులన్నియు ఏరి, వరుస తప్పకుండ కాగితముపై వ్రాసికొని కోర్టుకు పోయితిని. మునసబుగారు అరగంట ఓర్పుతో విని, "మీ లంకకును ఈ మేటకును నడుమ పాయ వేసవిలో ఎండునా?" అని అడిగిరి. నాకు తెలియదు. వెనుకకు తిరిగి కక్షిదారుని చూచితిని. అతడు నేల చూచెను. ప్రతివాది పక్షమున నిలిచినవాడు చిరిగిన గౌను తొడిగిన రెండవ తరగతి ప్లీడరు, వృద్ధుడు. ఆయన వైశాఖములో నావ కట్టించుకొని పోయి, రేవునుండి మేటవఱకు నడచి, పాయలో మోకాలిలోతు నీరు నిలిచియుండుట కన్నులార చూచి, తుమ్మచెట్టును, కట్టగొయ్యను గుర్తుపెట్టి తన చేతితో పటము గీసికొని వచ్చియుండెను. ఆ పటమును చేతబట్టి నా సాక్షులను ఒక్కొక్కరినే అడుగుచు, నీరున్నదని వారి నోటనే ఒప్పించెను. దావా కొట్టివేయబడినది. మా సీనియరుగారు నన్ను మందలింపలేదు, "లంకను చూచి వచ్చితివా?" అని మాత్రము అడిగిరి.

నా కక్షిదారు అంతటితో ఊరకుండలేదు. సబు కోర్టులో అపీలు ఓడి, ఎద్దులనమ్మి చెన్నపట్టణము పోయి, పేరుమోసిన బారిష్టరును కుదుర్చుకొని రెండవ అపీలు వేసెను. పాయలో నీరున్నదా లేదా యనుట వాస్తవవిషయము. సివిల్ ప్రొసీజరు కోడు 100వ సెక్షను క్రింద రెండవ అపీలులో హైకోర్టు సాధారణముగా వాస్తవములలో చేయి పెట్టదు. ఎంతటి బారిష్టరైనను మునసబు కోర్టులో నేను పోగొట్టినదానిని తిరిగి తేలేకపోయెను. ఆ ఎద్దుల సంగతి నాకిప్పటికిని మనసున ముల్లువలె గ్రుచ్చుకొనుచునేయుండును.

ఏ శాఖ మంచిదని అడిగితివి. నా యౌవనమున జమీందారీ వ్యాజ్యములే బంగారుగని. దత్తతలు, అవిభాజ్య సంస్థానములు, 1908 నాటి ఎస్టేట్సు ల్యాండు చట్టము క్రింద శిస్తు దావాలు. వానిపై మూడు తరముల వకీళ్లు మేడలు కట్టిరి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి ఆ గనిని మూసినది. ప్రివీ కౌన్సిలుకు పోవు అపీళ్లు 1949తో ముగిసినవి. అదే సమయమున క్రొత్త నేలలు లేచినవి. రాజ్యాంగములోని 226వ అధికరణము క్రింద సామాన్యుడైన రైతు ప్రభుత్వపు ఉత్తరువును రిట్టు ద్వారా నిలదీయగలుగుచున్నాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టముచే కార్మికుల వ్యాజ్యములు ట్రిబ్యునళ్లకు వచ్చుచున్నవి. అమ్మకపు పన్ను, ఆదాయపు పన్ను వర్తకులను ప్లీడరు గుమ్మమునకు తెచ్చుచున్నవి. ఈ మే నెలలోనే హిందూ వివాహ చట్టము వచ్చినది, దానితో మన ఇండ్లలోని స్త్రీల కన్నీరు కోర్టులో పలుకనున్నది. ఈ చివరి దానియందు దయగల న్యాయవాదుల అవసరము మిక్కిలిగా నుండును. శాఖలు గోదావరి మేటల వంటివి: ఒకటి కోసుకొనిపోవును, ఒకటి లేచును. సాక్ష్యము, దస్తావేజు, మనిషి, ఈ మూడింటిని చదువనేర్చినవానికి ఏ మేటమీదనైనను పైరు పండును. కనుక శాఖను ఇప్పుడు నిర్ణయింపకుము.

పదవిని గూర్చియు ఒక మాట. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టముతోనే హైకోర్టు వకీళ్లకును అడ్వకేటు అను పేరు వచ్చినది. 1953లో ఎస్.ఆర్. దాసుగారి అధ్యక్షతనున్న సంఘము దేశమంతటికిని ఒకే బారు ఉండవలెనని సిఫారసు చేసినది. బారిష్టరుకు ప్రత్యేకముగా నున్న గద్దె ఇక ఎంతోకాలము నిలువదని నా దృఢాభిప్రాయము. నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు సీమ చదువు చదువకయే 1929 నుండి 1944 వఱకు మద్రాసు అడ్వకేటు జనరలుగా నుండి, పిదప రాజ్యాంగ రచనాసంఘమున కూర్చుండిరి. గత సంవత్సరము గుంటూరున వెలసిన మన హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు మన ఊరివారే.

అయినను నిన్ను పోవలదనను. ఓడల వ్యాపారము, కంపెనీ వ్యవహారములు, అంతర్జాతీయ న్యాయము చదువగోరువానికి లండనులో దొరకునది ఇచ్చట దొరకదు. అక్కడి న్యాయవాదులు నాలుగు మాటలలో నలువది పుటల సారమును పిండుట వినినను మేలే. నేను కోరునది ఒక్క సంవత్సరము గడువు. ఈ నవంబరున ఓడ నెక్కవలదు. దసరా వెళ్లగనే ఇచ్చటికి రమ్ము. ఉదయము నా గుమాస్తాతో కలిసి దావాలు వ్రాయుము. పగలు మునసబు కోర్టులో కూర్చుండి క్రాసు పరీక్షలను వినుము. ఆదివారములందు కరణాల ఇండ్లకు పోయి అడంగళ్లు చదువనేర్చుకొనుము. పిమ్మట కూడ నీకు సీమపై మనసుండినచో, ఓడ ఖర్చు నేను భరించెదను. మీ నాన్నను మాగాణి తాకట్టు పెట్టనీయకుము. ఆయనకు నేనే వేఱుగా వ్రాయుచున్నాను.

ఇచ్చట ప్రస్తుతము లంక వ్యాజ్యమొకటి నడచుచున్నది. నీరు తీసిన పిదప నావకు చెప్పియుంచెదను. వచ్చు దినము ముందుగా వ్రాయుము. గుమాస్తాను స్టేషనుకు పంపెదను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ మామయ్య