మన మెట్టసీమ ఆహార సంస్కృతి

ఒక జాతి సంస్కృతిని దాని కావ్యాలలోనే గాక, దాని వంటయింటిలో కూడా చదువవచ్చును. గుంటూరు, ప్రకాశం మండలాల ఆహారాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసపు ఉద్దేశం.

15వ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజుల విద్యాధికారిగా ఉండిన శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూటిని పరిహసిస్తాయి. వరి అన్నానికి అలవాటుపడిన కవికి అది లోటుగా తోచినది. కాని వాన తక్కువైన మెట్టలో, కొద్దిపాటి తేమతో పండి, మనిషికి గింజను, పశువుకు చొప్పను ఇచ్చే పైరు జొన్న. ఆ కూడు పేదరికానికే గాక, నేలను ఎరిగిన రైతు వివేకానికి కూడా గుర్తు.

ఆనాటి కూటిలో మిరపకాయ లేదు. అమెరికా ఖండంలో పుట్టిన మిరపను మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసులు. అంతకు ముందు కారానికి మిరియాలే ఆధారం. పేర్లే ఇందుకు సాక్ష్యం. మిరియం నుండి తెలుగు ‘మిరప’, సంస్కృత ‘మరీచం’ నుండి ఉర్దూ ‘మిర్చ్’ వచ్చినవి. కొత్త కాయకు రెండు భాషలవారూ పాత కారపు పేరే పెట్టుకున్నారు. నేడు ఆ పరదేశపు కాయ వల్లనే గుంటూరుకు దేశమంతటా పేరు. అట్లే మన గోంగూర దక్ఖనీ ఉర్దూలో ‘అంబాడా’. పేరు వేరైనా పులుపు ఒక్కటే. మాంసంతో కలిపి వండే అలవాటూ ఇరువురి ఇండ్లలో ఉన్నది.

నిలువచేయడం ఆహార సంస్కృతిలో మరొక ముఖ్యాంశం. పండుమిరపకాయలను ఉప్పు, చింతపండులతో దంచి జాడీకెత్తితే ఏడాది పొడుగునా కూరకు వెదుకులాట ఉండదు. సుదూర ఫిన్లాండు దేశపు పశ్చిమ ప్రాంతాలలో పూర్వం ‘రై’ అనే ముతక ధాన్యపు రొట్టెలను నడుమ రంధ్రంతో కాల్చి, ఇంటికప్పు కింద కర్రలకు గుచ్చి, ఆరబెట్టి నెలల తరబడి తినేవారు. 2017లో తమ స్వాతంత్ర్య శతవార్షిక సందర్భాన ఆ దేశీయులు జాతీయాహారంగా ఎన్నుకున్నది ఆ రై రొట్టెనే.

మనమో? 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన పిమ్మట పలనాట వరి విస్తరించినది. అది గొప్ప మేలే. కాని జొన్నరొట్టె చేతితో తట్టే నేర్పు, సంకటి కలిపే పాకం అవ్వలతోనే అంతరించవలసిన అవసరం లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన తరువాతనైనా జొన్నను చిన్నచూపు చూడడం మనకు తగదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ నాయనమ్మనో, దాదీమానో, నానీమానో అడిగి ఒక్క వంటకాన్ని, దాని కొలతలతో సహా, నోటుపుస్తకంలో వ్రాసుకొనండి. ఏ గ్రంథాలయంలోనూ దొరకని పాఠం అది.