బోర్లపడ్డనాటి బచ్చాలు

చెల్లే, రాత్రి ఫోన్ల నీ గొంతు విన్నకాన్నుంచి నాకు నిద్ర పట్టలే. "అక్కా, మళ్ల లేచింది, ఇది మూడోసారి" అన్నవు. అమ్మ పాత నూలుచీర చింపి చుట్టి పండవెడితే తెల్లారేదాక కదలని పిల్ల, చుట్టుడు బందువెట్టంగనే గంటకోసారి ఉలిక్కిపడుతున్నదంటివి. అమ్మేమో "మళ్ల చుట్టరాదే, చలికి పిల్ల వణుకుతది" అంటున్నదట. మన నందిపేట్ చలి నాకు ఎరుకలేనిదా! పోచంపాడు ప్రాజెక్టు నీళ్ల మీదికెళ్లి వచ్చే గాలి డిసెంబర్ల ఎముకల్ల దూరుతది. అయినా అక్కగా చెప్తున్న, మళ్ల చుట్టకు.

పిల్ల పక్కకు ఒరుగుతున్నదని నువ్వే చెప్పినవు కద. మన ఇండ్లల్ల పిల్ల బోర్లపడితే బచ్చాలు చేసి వాడకట్టంత పంచుతం. ఆ బచ్చాల దినందాక ఆగితే ఆలస్యమైతది. చేతులు లోపల ఉన్న పిల్ల అర్ధరాత్రి బోర్ల తిరిగితే మొఖం పరుపుకు ఒత్తుకుంటది, మళ్ల లేపుకోవడానికి చేతులు ఆడయి. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022ల చెప్పింది గూడ ఇదే. ఒరిగే ప్రయత్నం కనవడ్డనాడే చుట్టుడు ఆపాలె. నాలుగో నెల నిండిన నీ బిడ్డకు ఆ దినం వచ్చేసింది.

ఆ ఉలికిపాటు భయం కాదు, దిష్టి అంతకన్నా కాదు. అమ్మ ఉప్పుతోని దిష్టి తీస్తనంటే తియ్యనీ, ఆమె మనసు నిమ్మళమైతది. ఎర్నస్ట్ మోరో అనే ఆస్ట్రియా పిల్లల డాక్టరు 1918లనే దీని గురించి రాసిండు. తల జర జారినట్టనిపిస్తే చాలు, పసిపిల్ల చేతులు రెండూ బార్ల చాపి మళ్ల గుండెకు తెచ్చుకుంటది. నాలుగు నుంచి ఆరు నెలల్ల అదే పోతది.

నా కొడుకుకు చుట్టుడు బందువెట్టినప్పుడు వాడు ఇంక ఒరగలే కాబట్టి ఒక్కో చెయ్యి ఇడిచిన, ముందు కుడిది. మొదటి రాత్రి ఆ కుడిచెయ్యితోని ముక్కు గీరుకున్నడు, నా కొంగు గుంజిండు, రెండు గంటలు ఏడ్చిండు. మూడో రాత్రికి అదే చెయ్యి నోట్లె పెట్టుకోని తనంతట తానే పండుకున్నడు. నీకు అంత టైం లేదు, రెండు చేతులూ ఒక్కపారే బయటికి రావాలె.

పండవెట్టేటప్పుడు తల ముందు ఆనియ్యకు. తలకింద చెయ్యి ఆసరా ఉంచి, మొదలు కాళ్లు, తర్వాత పిర్రలు, వీపు, ఆఖరుకు తల ఆనియ్యి. ఎప్పుడైనా వెల్లకిలనే. అరచెయ్యి రొమ్ము మీద మెల్లగ ఉంచు, బరువు వెయ్యకు. ఊపిరి నిలకడైనంక ఒక్కొక్క వేలు తియ్యి. చలికి నిండు చేతుల అంగీ, దానిమీద ఇంకోటి తొడుగు. బొంత కప్పకు, ఆవాల దిండు వద్దు.

రాత్రంత తొట్టెలల ఉంచొద్దన్న సంగతి అమ్మకు జర మెత్తగ చెప్పు. చాట ముందట పెట్టుకోని బీడీలు చుట్టుకుంట, కాలి బొటనవేలికి తాడు కట్టుకోని మనిద్దరిని ఊపింది ఆమె. ఆకు కత్తిరించే చప్పుడు వినుకుంటనే మనం పండుకున్నం. పొద్దంత ఆమె కన్ను మన మీదనే ఉండె. రాత్రి అందరి కండ్లు మూతపడతయి. చీర తొట్టెలల పిల్ల ఒంగిపోయి గదవ రొమ్ముకు ఆనితే ఊపిరి కష్టమైతది. అందుకే నిద్ర పట్టంగనే తీసి, గట్టి పరుపు మీద పండవెట్టాలె. తంబాకు చాట గూడ పిల్లకు దూరముండాలె.

చుట్టకపోతే కాళ్లు వంకరపోతయని అమ్మ అంటే నమ్మకు. కాళ్లు తిన్నగ బిగించి చుట్టొద్దని జపాన్‌ల 1970లల్ల దేశమంత చెప్పిన్రు, ఆ తర్వాత తుంటి కీలు జారే పిల్లలు చాన తగ్గిన్రు. పిల్లకు మెడ మంచిగ నిలిచినంక అమ్మ మనలను ఎత్తుకున్నట్టే చంకనెత్తుకో. కాళ్లు ఎడంగ ఉంటయి, తుంటికి మంచిది.

దుబాయ్ నుంచి మీ ఆయన ఫోన్ చేస్తే అన్నీ బాగున్నయని అబద్ధం చెప్పకు. నిద్ర లేదని చెప్పు, ఏడుపొస్తే ఏడువు. శనివారం నేనొస్త. ఆ రాత్రి పిల్ల నా దగ్గర, నువ్వు తలుపేసుకోని పండుకో. అప్పటికి బోర్లపడుతదో ఏమో, బచ్చాలకు శనగపప్పు నానవెట్టుమని అమ్మకు చెప్పు.